గర్భసంచి తీయించే ముందు మరో డాక్టరును అడగండి

అయ్యా,

మన రెండు రాష్ట్రాల్లో ముప్ఫై అయిదు దాటిన ఆడవాళ్లు నలుగురు కూడినచోట ‘పెద్దాపరేషన్’ ప్రస్తావన రాకుండా ఉండదు. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 పైచిలుకు ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చెబుతున్నాయి. మన ఆడవాళ్లకు మిగతా దేశంలో లేని జబ్బులేవీ లేవు. పాతికేళ్లు నిండకముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత ‘పిల్లలు పుట్టేశారు, ఇక సంచితో పనేముంది’ అనే మాట ఇంట్లోవాళ్లూ అంటారు, కొందరు డాక్టర్లూ అంటారు. తేడా అక్కడే ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఈ ఆపరేషన్లు ఎంతగా పెరిగాయంటే, ప్రైవేటు ఆసుపత్రులకు ఆ ప్యాకేజీని ప్రభుత్వమే ఆపేయాల్సి వచ్చింది.

క్యాన్సర్ కాని కారణాలతో గర్భసంచి తీయడం ఇవాళో రేపో జరిగిపోవాల్సిన ఆపరేషన్ కాదు. రెండో డాక్టరుకు చూపించడానికి పట్టే వారం పది రోజుల్లో జబ్బు ముదిరిపోదు. ‘ఇప్పుడు తీయకపోతే క్యాన్సర్ అవుతుంది, రేపే చేరండి’ అని ఎవరైనా అంటే, ఆ మాటే మరొకరి దగ్గరికి వెళ్లడానికి తగిన కారణం.

ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. ముందు అవి చెప్పాలి. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం పోతూ కళ్లు తిరుగుతుంటే, కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే, నెల తప్పినావిడకు ఉన్నట్టుండి పొత్తికడుపులో తట్టుకోలేని నొప్పి వస్తే దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెంటనే వెళ్లాలి. అక్కడ రెండో అభిప్రాయం అంటూ తిరగడం ప్రాణం మీదికి తెస్తుంది. ముట్లు పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడితే, అది ఒక్క చుక్కే అయినా, ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి. బయాప్సీలో, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో, క్యాన్సర్ అనో, క్యాన్సర్‌కు ముందు దశ అనో తేలితే ఆపరేషన్ అవసరం పడవచ్చు. అక్కడ కూడా రెండో అభిప్రాయం పనికొస్తుంది. కాకపోతే దాన్ని వారంలోపు, క్యాన్సర్ ఆసుపత్రిలోనే తీసుకోవాలి. బయాప్సీ చేసిన ల్యాబ్ నుంచి తీసిన ముక్కను భద్రపరిచిన గాజు స్లైడ్లనూ మైనపు బ్లాకులనూ అడిగి తీసుకెళ్లాలి. రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్తే అక్కడి డాక్టర్లు ముక్కను మళ్లీ చూడలేరు, మొదటి ల్యాబ్ మాటనే నమ్మాల్సి వస్తుంది.

ఇక మామూలుగా జరిగే సంగతి. తెల్లబట్ట, నడుము నొప్పి, ముట్టు ఎక్కువ రోజులు కావడం. వీటిలో ఏదో ఒకదానితో ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే ఆయన పట్టణంలోని ఫలానా నర్సింగ్ హోంకు పంపుతాడు. అక్కడ స్కానింగ్ తీస్తారు. రిపోర్టులో ఇంగ్లిషులో నాలుగు ముక్కలుంటాయి. ఆ నాలుగు ముక్కలతోనే మనిషిని భయపెట్టేస్తారు కాబట్టి వాటి అర్థం తెలుసుకోవాలి.

‘బల్కీ యుటెరస్’ అని ఉంటుంది. గర్భసంచి కాస్త పెద్దదిగా ఉందని దానర్థం, అంతే. పిల్లలు కనని స్త్రీకి అది ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవుంటుంది. ఇద్దరు ముగ్గుర్ని కన్నాక తొమ్మిది, పది సెంటీమీటర్లు ఉండటం మామూలే. ఇదొక వర్ణన, జబ్బు పేరు కాదు. ‘ఎండోమెట్రియం 11 ఎంఎం’ అని రాసి ఉంటే లోపలి పొర మందంగా ఉందని కంగారు పెడతారు. ముట్లు వచ్చే స్త్రీలో ఆ పొర ముట్టు అయిపోగానే మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది, మళ్లీ ముట్టు దగ్గర పడేసరికి 12 దాటి 15 దాకా కూడా పెరుగుతుంది. స్కాన్ తీసిన రోజు నెలసరిలో ఎన్నో రోజో రాయకపోతే ఆ అంకెతో ఏమీ తేల్చలేం. అదే ముట్లు ఆగిపోయినావిడకు రక్తం కనబడి, పొర 4 మిల్లీమీటర్లు దాటి ఉంటే బయాప్సీ తప్పదు. ‘నాబోథియన్ సిస్ట్’ అంటే గర్భాశయ ముఖద్వారం దగ్గరుండే చిన్న నీటి బుడగ. దానికి మందే అక్కర్లేదు. ‘ఓవరీలో 3 సెంటీమీటర్ల సింపుల్ సిస్ట్’ కూడా ముట్లు వచ్చే వయసులో దాదాపుగా దానంతటదే పోయేదే. అయిదు సెంటీమీటర్ల లోపు ఉండి, లోపల గట్టి భాగం గానీ అడ్డుగోడలు గానీ లేకపోతే రెండు మూడు నెలలకు మరోసారి స్కాన్ చూసుకుంటే సరిపోతుంది.

ఫైబ్రాయిడ్ల, అంటే గర్భసంచి కండరంలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డల, విషయంలో మోసపోయేవాళ్లు మరీ ఎక్కువ. ‘గడ్డలున్నాయి’ అనగానే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. నలభైల్లో ఉన్న స్త్రీలలో ఫైబ్రాయిడ్లు చాలామందికి ఉంటాయి, ఎక్కువమందికి అవి ఉన్నట్టే తెలియదు. అవి క్యాన్సర్‌గా మారడం బహు అరుదు, ముట్లు ఆగాక కుంచించుకుపోతాయి. ఇక్కడ సైజు కంటే స్థానం ముఖ్యం. గర్భసంచి లోపలి గదిలోకి పొడుచుకొచ్చిన గడ్డ, అంటే సబ్‌మ్యూకస్ ఫైబ్రాయిడ్, రెండు సెంటీమీటర్లదైనా రక్తం ధారగా పోయేలా చేస్తుంది. బయటి గోడకు అంటుకుని ఉండే సబ్‌సీరస్ గడ్డ అయిదు సెంటీమీటర్లున్నా ముట్టులో మార్పే ఉండకపోవచ్చు. గోడ మధ్యలో ఉండే ఇంట్రామ్యూరల్ గడ్డ ఒకటిన్నర సెంటీమీటర్లే ఉంటే రక్తస్రావానికి కారణం చాలావరకు మరోచోట ఉంటుంది. కాబట్టి గడ్డ ఎక్కడుంది, లోపలి గదిని నొక్కుతోందా అని అడగాలి. రిపోర్టులో ఆ సంగతి లేకపోతే ముట్టు అయిపోయిన వెంటనే, నాలుగు నుంచి ఏడో రోజు మధ్యలో, యోని ద్వారా చేసే స్కాన్ తీయించమని అడగండి. కడుపు మీద నుంచి తీసినదాని కంటే అది చాలా స్పష్టంగా చూపిస్తుంది. లోపలికి పొడుచుకొచ్చిన చిన్న గడ్డనూ లోపలి పొర నుంచి వేలాడే పాలిప్‌నూ హిస్టెరోస్కోపీతో, అంటే యోని గుండా పంపే సన్నటి కెమెరా గొట్టంతో, కింది నుంచే తీసేయవచ్చు. కడుపు కోయాల్సిన పని లేదు, గర్భసంచీ నిలుస్తుంది.

‘గర్భసంచి మూతికి పుండు పడింది, క్యాన్సర్‌లోకి దిగుతుంది’ అన్నది మరో మాట. లోపలి పొర కాస్త బయటికి కనబడితే అక్కడ ఎర్రగా ఉంటుంది. పుండు కాదు, చాలామందిలో సహజంగానే ఉంటుంది. క్యాన్సర్ అనుమానం ఉంటే అందుకు వేరే పరీక్షలున్నాయి, పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసేది) గానీ హెచ్‌పీవీ (ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష గానీ. 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ప్రభుత్వ వైద్యంలో ఎసిటిక్ యాసిడ్ పూసి చూసే పరీక్ష ఉచితం. అందులో తెల్లమచ్చ కనబడినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, కాల్పోస్కోపీ చేసి, అంటే భూతద్దం లాంటి పరికరంతో ముఖద్వారాన్ని చూసి, ముక్క పరీక్షకు పంపాలి.

ఈ పరీక్ష ఊసే లేకుండా తిన్నగా ఆపరేషన్‌కు దిగడం వల్ల జరిగే అన్యాయం ఒకటుంది. దాన్ని ఎవరూ బయటికి చెప్పరు. ముఖద్వారంలో నిజంగానే క్యాన్సర్ ఉండి, అది తెలియకుండా మామూలుగా గర్భసంచి తీసేస్తే చుట్టుపక్కల కణజాలం లోపలే మిగిలిపోతుంది. క్యాన్సర్‌కు చేసే ఆపరేషన్ వేరు, దాని హద్దులు వేరు. ఆ తర్వాత రేడియేషన్‌కు పరుగెత్తినా మొదటే సరైన వైద్యం చేసినంత ఫలితం రాదు. కాబట్టి పాప్ స్మియర్ లేకుండా గర్భసంచి తీస్తామన్న డాక్టరును కారణం అడగండి. జబ్బు లేని సంచి పోవడం ఒక నష్టమైతే, జబ్బు ఉండి కూడా తప్పుడు ఆపరేషన్ కావడం అంతకంటే పెద్దది.

తెల్లబట్టకు గర్భసంచి తీయడం వైద్యమే కాదు. పెరుగు విరిగినట్టు ఉండి దురద పెడితే ఫంగస్, చేపల వాసన వస్తే బ్యాక్టీరియా. రెండూ వారం రోజుల మందులతో తగ్గేవే. కలయిక వల్ల సోకే ట్రైకోమోనాస్ అయితే భర్తకు కూడా అదే సమయంలో మందు వాడాలి. ఆయన వాడకపోతే మళ్లీ వస్తుంది. ‘ఎన్ని మందులు వాడినా తగ్గలేదు’ అన్న కేసుల్లో ఆరా తీస్తే భర్త ఒక్క మాత్రా మింగలేదని తేలేవి తక్కువేమీ కావు.

రక్తస్రావం ఎక్కువైతే ఆపరేషన్ దాకా వెళ్లకముందు చూడాల్సినవి ఇవి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, గర్భం లేదని నిర్ధారించే పరీక్ష, స్కాన్. 40 దాటినవారికి, లేదా బరువు ఎక్కువగా ఉండి షుగరో, హార్మోన్ల తేడా వల్ల ముట్లు తప్పే పీసీఓఎస్‌సో ఉన్నవారికి లోపలి పొర బయాప్సీ. సన్నటి గొట్టంతో ఓపీలోనే తీసే బయాప్సీ అది, చాలామందికి మత్తు కూడా అక్కర్లేదు. కాపర్ టీ ఉందా, గుండెకో మరోదానికో రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నారా అన్నది కూడా అడగాలి. కాపర్ టీ తీసేస్తే ముట్టు దారికొచ్చే స్త్రీకి గర్భసంచి తీయడం ఎంత ఘోరం!

‘మందులకు లొంగలేదు’ అనే ముందు ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని నెలలు వాడారో చీటీలు తీసి చూడాలి. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 500 మిల్లీగ్రాముల బిళ్లలు రెండేసి చొప్పున రోజుకు మూడుసార్లు, రక్తం ఎక్కువగా పోయే నాలుగైదు రోజులు వాడాలి. రోజుకొక బిళ్ల మింగి పనిచేయలేదనడం కుదరదు. కాలి నరాల్లోనో ఊపిరితిత్తుల్లోనో ఇదివరకు రక్తం గడ్డకట్టినవాళ్లకు ఈ మందు పనికిరాదు, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. నోరెథిస్టిరోన్ అనే హార్మోన్ మాత్ర విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. నెలసరి రెండో సగంలో పది రోజులు మాత్రమే ఇస్తే నెలనెలా క్రమంగా వచ్చే అధిక రక్తస్రావానికి అది పెద్దగా పనిచేయదు. ముట్టు అయిదో రోజు నుంచి ఇరవై ఆరో రోజు దాకా 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు, కనీసం మూడు నెలలు వాడితేగానీ ఫలితం తేలదు. మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు రక్తం రావాలి, అది మందు చేసే పనే. ఆ రక్తాన్ని చూసి ‘మళ్లీ మొదలైంది’ అని భయపడి ఆపరేషన్‌కు ఒప్పుకున్నవాళ్లున్నారు.

వీటన్నిటికంటే బాగా పనిచేసేది గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్. అందులోని 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అయిదేళ్లపాటు కొద్దికొద్దిగా విడుదలవుతుంది. చాలామందికి రక్తస్రావం పదో వంతుకు పడిపోతుంది. అయితే మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు మరకలుగా రక్తం కనబడుతూనే ఉంటుంది. ఈ మాట పెట్టేటప్పుడే చెప్పకపోవడం వల్ల రెండో నెలలోనే తీయించేసుకుంటారు, తర్వాత ‘లూప్ కూడా పనిచేయలేదు’ అని కేస్ షీటులో రాసి ఆపరేషన్ చేస్తారు.

రక్తం 6, 7 పాయింట్లకు పడిపోయిందని ఆపరేషన్‌కు తొందరపెడితే అది తలకిందుల వాదన. రక్తం తక్కువగా ఉన్నప్పుడు మత్తూ కోతా ఇంకా ప్రమాదం. ముందు రక్తస్రావం ఆపి, ఐరన్ సెలైన్‌లో ఎక్కించి, అవసరమైతే రక్తం ఎక్కించి హిమోగ్లోబిన్ పెంచాలి. ఈ లోపు దొరికే మూడు నాలుగు వారాలు రెండో అభిప్రాయానికి చాలు.

ఆ అభిప్రాయం ఎవరి దగ్గర తీసుకోవాలంటే, ఆపరేషన్ చేసినా చేయకపోయినా జేబులో తేడా రాని డాక్టరు దగ్గర. అదే ఆసుపత్రిలో పక్క గదిలో కూర్చునే డాక్టరు వద్దు, అదే ఆర్‌ఎంపీ చూపించే మరో నర్సింగ్ హోమూ వద్దు. బోధనాసుపత్రి గైనిక్ ఓపీ మేలు. హైదరాబాద్‌లో పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రులు, గాంధీ ఆసుపత్రి, విశాఖలో కేజీహెచ్, ఘోషాసుపత్రి, గుంటూరు, కర్నూలు, వరంగల్, తిరుపతి ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. వరుసలో నిలబడాలి, ఒక పూట పోతుంది. ఆ పూట పోతే పోయింది.

వెళ్లేటప్పుడు స్కాన్ రిపోర్టుతోపాటు ఫిల్ములు, రక్త పరీక్షలు, వాడిన మందుల చీటీలు అన్నీ తేదీల వరుసలో పెట్టుకోవాలి. ఒక్కో కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి, అసలు కాగితాలు ఎక్కడా వదిలి రావద్దు. గడిచిన రెండు నెలల ముట్టు తేదీలు, ఎన్ని రోజులు పోయింది, రోజుకు ఎన్ని ప్యాడ్లు లేదా బట్టలు మార్చారు, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడ్డాయా, రాత్రి లేచి మార్చుకోవాల్సి వచ్చిందా అన్నవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. చదువురాని అమ్మకు కూతురో ఆశా కార్యకర్తో రాసిపెట్టవచ్చు. రెండో డాక్టరుతో మొదటే ‘తీసేయమన్నారండీ’ అనవద్దు. బాధలు చెప్పి, కాగితాలు ఇచ్చి, ఆయన లేదా ఆమె మాట విన్నాక అప్పుడు మొదటి డాక్టరు ఏమన్నారో చెప్పి, ఎందుకు తేడా వచ్చిందో అడగండి. ఇద్దరినీ ఒకటే అడగాలి. నా జబ్బు పేరేమిటి? మూడు నెలలు ఆగితే ఏమవుతుంది? ఆపరేషన్ కాకుండా ఇంకేమున్నాయి, అవి నాకెందుకు పనికిరావు? జబ్బు పేరు చెప్పలేక ‘సంచి పాడైంది’ అనే డాక్టరు మాట మీద కత్తి పెట్టించుకోకూడదు. ఇద్దరూ ఆపరేషనే అంటే భయం లేకుండా చేయించుకోండి. గర్భసంచి లోపలి పొర గోడ కండరంలోకి పెరిగే అడినోమయోసిస్ వల్ల వచ్చే ఆగని నొప్పికి, గర్భసంచి కిందికి జారి ఇబ్బంది పెడుతున్నప్పుడు, పెద్ద ఫైబ్రాయిడ్లు మూత్రాశయాన్ని నొక్కుతున్నప్పుడు ఆ ఆపరేషన్ మంచి వైద్యమే.

ఒప్పుకున్నాక కూడా ఒక్క విషయం విడిగా తేల్చుకోవాలి. అండాశయాలు ఉంచుతున్నారా, తీస్తున్నారా? ‘పనిలో పనిగా తీసేస్తాం’ అనే మాటకు తలూపవద్దు. 35 ఏళ్లకు రెండు అండాశయాలూ పోతే మర్నాటి నుంచే ముట్లుడిగిన శరీరం అవుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, యోని పొడిబారడం వెంటనే మొదలవుతాయి. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం ఏళ్ల తర్వాత బయటపడతాయి, అప్పటికి దాని మూలం ఆపరేషన్ అని ఎవరికీ గుర్తుండదు. నలభై నిండకుండానే నడుం వంగి, కీళ్ల నొప్పులతో కూలికి పోలేని స్త్రీలు మన పల్లెల్లో ఉన్నారు. తప్పనిసరై తీయాల్సి వస్తే, వద్దనడానికి వేరే కారణం లేనంతవరకు, సహజంగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజెన్ వాడాలి. ఆ చీటీ డిశ్చార్జి రోజునే రావాలి. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తీసినవారిలో అవి రెండు మూడేళ్లు ముందుగా పని మానేయడం కద్దు. ఒప్పుకోలు పత్రంలో ‘టీఏహెచ్ విత్ బీఎస్ఓ’ అని ఉంటే గర్భసంచితో పాటు రెండు నాళాలూ రెండు అండాశయాలూ తీస్తారని అర్థం. మీకు చెప్పింది గర్భసంచి ఒక్కటే అయితే అక్కడ సంతకం ఆపి, ‘అండాశయాలు తీయవద్దు’ అని తెలుగులో చేత్తో రాసి, దాని కింద సంతకం చేయండి. ఆపరేషన్ తర్వాత తీసిన సంచిని ల్యాబ్‌కు పంపారా, రిపోర్టు ఎప్పుడొస్తుంది అని అడిగి, దాన్ని తెచ్చుకుని దాచుకోండి.

రోగి నోరెత్తితే డాక్టరుకు కోపమొస్తుందనే జంకు మనవాళ్లలో ఉంది. చట్టం మీ వైపే ఉంది. వైద్య వృత్తి నియమావళి, 2002 ప్రకారం కేస్ షీటు నకళ్లు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రెండో అభిప్రాయం ఒక హక్కు, అందుకు కావాల్సిన రికార్డులు ఆలస్యం చేయకుండా ఇవ్వాలని కూడా ఉంది. పరీక్ష కోసం మత్తు ఇచ్చి, మత్తులో ఉన్న స్త్రీ తల్లితో సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఆ సంతకం చెల్లదని తేల్చింది. ప్రాణాపాయం లేనప్పుడు పెద్దవయసు స్త్రీ తరఫున మరొకరు ఒప్పుకోవడానికి వీల్లేదు. భర్త సంతకం సరిపోతుందనుకునే ఆసుపత్రులు ఈ తీర్పు చదవాలి.

అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని, అనవసరంగా గానీ రోగికి వివరించి ఒప్పించకుండా గానీ ఆపరేషన్ చేసిన ఆసుపత్రులను బ్లాక్‌లిస్టులో పెట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న రాష్ట్రాలను ఆదేశించింది. ప్రతి జిల్లాలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ చేసిన ప్రతి గర్భసంచి ఆపరేషన్ వివరాలూ పంపాలి. మీ పత్రిక జిల్లా విలేకరులు తమ జిల్లా వైద్య ఆరోగ్యాధికారిని మూడు ప్రశ్నలు అడగాలని మా మనవి. ఈ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? 40 ఏళ్ల లోపు స్త్రీలకు జరిగిన ఆపరేషన్లు ఎన్ని, వాటిలో ఎన్నింటికి ల్యాబ్ రిపోర్టు జతచేశారు? ఆ రిపోర్టుల్లో జబ్బేమీ లేదని తేలినవి ఎన్ని? ఏ ఆసుపత్రిలో ఎన్ని జరిగాయో పేర్లతో సహా జాబితా వేస్తే ఇంకా మంచిది.

– ఒక స్త్రీవైద్య నిపుణురాలు, గుంటూరు జిల్లా